అరగోలి లెక్క

ఈ రాత మా యారాలు కౌసల్య చదవదు. ఆమెకు చదువు రాదు. ఎవరైనా చదివి వినిపిస్తే నాకు సంతోషం. అయితే చెవిలో గుసగుసగా కాదు, వాకిట్లో నిలబడి, ఇరుగుపొరుగంతా వినేటట్టు చదవాలని నా మనవి. నా జబ్బు సంగతిని ఆమె వాడకు వినిపించింది అట్లాగే కనుక.

యారాలంటే మా ఆయన అన్న భార్య. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇల్లు మాది. ఇప్పుడు 1986. నా నొప్పి పూర్తిగా పోలేదు, పోతుందని ఏ డాక్టరూ మాట ఇవ్వలేదు. కానీ చెయ్యెత్తి జడ వేసుకుంటున్నాను. పడుకుంటే నిద్ర పడుతుంది. మొన్నటిదాకా మగ్గం మీద నా చోట్లో నేనే కూర్చున్నాను. నొప్పి పెట్టుకుని "నీకేం లేదు పో" అనిపించుకున్న ఆడవాళ్లు ఎందరో ఉంటారు. వాళ్ల కోసం రాస్తున్నాను. నా కడుపుమంట చల్లారడం కోసం కూడా రాస్తున్నాను. అది దాచను.

ముందు మగ్గం సంగతి చెప్పాలి. జంపఖానా వెడల్పు ఎక్కువ, ఒక్క మనిషి చేతులు అందవు. అందుకని ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. మా ఇంట్లో కుడివైపు కూర్చున్న మనిషి రంగు పిలవాలి. ఎర్ర అంటే ఎడమవైపు మనిషి ఎర్ర దారం అందుకోవాలి, నల్ల అంటే నల్ల. దారం వేశాక ఇద్దరూ ఒక్కసారే ఇనుప పంజాలతో కొట్టి దాన్ని కిందికి దింపాలి. ఒకరు ఆగితే రెండో మనిషి ఆగవలసిందే. లేకపోతే బట్ట ఒక పక్క ఎత్తూ ఒక పక్క పల్లమూ అవుతుంది. మా నాన్న దగ్గర పువ్వులూ గళ్లూ అన్నీ నేర్చుకుని వచ్చాను కాబట్టి పెళ్లయిన కొత్తలోనే మా అత్త నన్ను కుడివైపు కూర్చోబెట్టింది. పెద్ద కోడలు కౌసల్య ఎడమవైపు. చిన్న కోడలు పిలిచిన రంగు పెద్ద కోడలు అందుకోవాలి. మొదటి రోజు నుంచీ ఆమెకు అది కంట్లో కారమే.

1978 చలికాలంలో నాకు నొప్పి మొదలైంది. మెడ దగ్గర పుట్టి, కుడి రెక్క కిందికి దిగి, మోచేతి దాకా పాకేది. తడి దారాన్ని పిండుతున్నట్టు లోపల ఎవరో మెలిపెట్టేవాళ్లు. మొదట్లో సాయంత్రాలే వచ్చేది, తర్వాత పొద్దున లేవగానే అదే ముందు పలకరించేది. జాకెట్టు తొడుక్కోవడం ఒక యుద్ధం. తల దువ్వుకోలేక మా అత్త ముందు చిన్నపిల్లలా కూర్చునేదాన్ని.

"వాతం చేసింది బిడ్డా. చల్లటియి తినకు" అనేది మా అత్త. ఉప్పు కాపడం పెట్టింది, ఆముదం మర్దన చేసింది. మడికొండ వైపు నుంచి ఒకాయనను పిలిపించి రెక్క మీద చురకలు కూడా పెట్టించింది. ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. నొప్పి ఉన్నచోటనే ఉండిపోయింది, దానికి తోడు కాలిన మంట. పాపం మా అత్త ఆశతో చేసింది, ఆమెను నేనేమీ అనను.

కౌసల్య సంగతి వేరు. నేను పంజా కింద పెట్టి భుజం పట్టుకున్నప్పుడల్లా ఆమె కూడా పంజా కింద పడేసేది, వాడంతా వినబడేటట్టు.

"నువ్వు మూలుగుడు అయినంక చెప్పు, నేను మల్ల కొడ్త. నీతోని జోడి కూసున్నందుకు నా పని గూడ ఆగవట్టె" అనేది.

1979 వేసవిలో మా ఆయన సాంబయ్య నన్ను పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. పొద్దున పోతే మధ్యాహ్నానికి పేరు పిలిచారు. కూర్చోవడానికి బెంచీ దొరకలేదు, గోడకు ఆనుకుంటే భుజం మండేది. ఎక్స్‌రే తీసి, చూసి, "ఎముకల్లో ఏమీ లేదమ్మా" అన్నారు. గోలీలు రాశారు, సూదులు వేశారు. వేసిన పూట తగ్గేది, మర్నాడు మళ్లీ మొదలు.

ఆ "ఏమీ లేదు" అనే మాటే నా కొంప ముంచింది. ఇంటికి రాగానే కౌసల్య ఆ ఎక్స్‌రే ఫోటోను లాక్కుంది. వాకిట్లోకి పట్టుకుపోయి, ఎండకు ఎత్తి, వచ్చేపోయే వాళ్లందరికీ చూపించింది.

"జర సూడు పెద్దమ్మా, ఏమన్న కనవడ్తాందా? బొక్కలన్ని మంచిగనే ఉన్నయ్. ఉత్తగ పండుకునెటందుకు నొప్పి నొప్పి అంటాంది!"

బియ్యం చెరుగుతున్న వాళ్లు చేటలు పక్కన పెట్టి వచ్చి చూశారు. అందరితో పాటు మా ఆయన కూడా ఒకసారి ఎత్తి చూశాడు. తర్వాత నా ముఖం వైపు చూశాడు. ఆ చూపు నేను మర్చిపోలేదు, మర్చిపోను కూడా.

దసరా నాటికి వర్ధన్నపేట నుంచి కౌసల్య చెల్లెలు రమ దిగింది. సాయం కోసం నాలుగు రోజులన్నారు. రమను ఎడమవైపు కూర్చోబెట్టి కౌసల్య కుడివైపుకు జరిగింది. నా పీట, నా పంజా ఆమె చేతిలోకి పోయాయి. నేను లోపలి గదిలో పడుకుని ఆమె పిలిచే రంగులు వినేదాన్ని. పువ్వు అంచులో నల్ల రావలసిన చోట పచ్చ పిలిచేది. పళ్లు కొరుక్కునేదాన్ని.

ఒకరోజు ఆమె వంటింట్లో మా అత్తతో అంటున్న మాట గోడవతల నుంచి విన్నాను.

"మగ్గం మీద కూసునెటోళ్లే ఇంట్ల ఉండాలె గదత్తా. గీ పిల్ల ఇగ పనికి రాదు. పిల్లలు గూడ లేకపాయె. మా రమ మంచిగ నేత్తాంది. సాంబయ్యకు జేసుకుంటే తప్పేంది?"

మా అత్త కాదనలేదు. మగ్గం మీద చోటు పోతే ఇంట్లో చోటు కూడా పోతుందని నాకు ఆ రోజే తెలిసింది. ఒంట్లో ఉన్న నొప్పి కంటే అది ఎక్కువగా భయపెట్టింది.

1980 వానాకాలంలో ఎముకల డాక్టరు నన్ను ఇంకో డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. వరండా చివరి గది. తలుపు పైన మానసిక వ్యాధుల విభాగం అని బోర్డు. చదవడం రాకపోయినా బాగుండేదని మొదటిసారి అనుకున్నాను. వెనక్కి తిరిగాను. బెంచీ మీద కూర్చుని ఏడ్చాను.

పక్కన ఏటూరునాగారం నుంచి వచ్చిన ఒకామె ఉంది. తమ్ముణ్ణి తీసుకొచ్చిందట.

"ఎందుకేడుత్తానవ్ చెల్లే?" అంది.

"నాకు పిచ్చి లేదక్కా. చెయ్యి నొప్పి అంతే" అన్నాను.

"ఉండనియ్యి తియ్యి. నా తమ్ముడు ఎండకాలం సంది మాట్లాడుతలేకుండె. ఈడి మందు పడ్డంక నిన్న 'అక్కా, ఆకలైతాంది' అన్నడు. ఏ గది అయితేంది? ఇగో, చెయ్యి గీ మూట మీద పెట్టుకో, బరువు తగ్గుతది" అంటూ తన బట్టల మూట నా మోచేతి కిందికి జరిపింది. ఏడాదిన్నరలో నా చేతికి ఆసరా ఇచ్చిన మొదటి మనిషి ఆమె. పేరు అడగలేదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

డాక్టరమ్మ ఫోటో వైపు చూడలేదు, నా వైపు చూసింది. నిద్ర పడుతోందా అని అడిగింది. ఏ పక్కకు పడుకుంటే నొప్పి, ఏ పని చేస్తే నొప్పి అని అడిగింది. పంజా ఎట్లా కొడతారో చేసి చూపించమంది.

"నన్ను పిచ్చిదాన్ననుకుంటాన్రా మేడమ్?" అని అడిగేశాను.

"లేదమ్మా. నీ నొప్పి నిజం. ఫోటోలో పడనంత మాత్రాన లేనట్టు కాదు. నేనిచ్చే గోలి మనసు బాగా కుంగిపోయిన వాళ్లకు పెద్ద మోతాదులో ఇస్తాం. చిన్న మోతాదులో ఇస్తే ఇట్లా పాతుకుపోయిన నొప్పులు కొందరికి తగ్గుతాయి. నీకు తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు. చూద్దాం" అంది.

"నీ నొప్పి నిజం" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. మిగిలినవి రెండోసారి చెప్పించుకున్నాను. సాయంత్రం అన్నం తిన్నాక సగం గోలి. నోరెండుతుంది, మత్తుగా ఉంటుంది. కొన్ని వారాలు ఓపిక పట్టాలి, వెంటనే ఏమీ తెలియదు. నీ అంతట నువ్వు మానొద్దు, ఇంకెవరికీ ఇవ్వొద్దు. రోజూ గోడ మీద వేళ్లు పాకించుకుంటూ చెయ్యి పైకెత్తాలి.

గోలీలు కొన్న మందుల దుకాణంలో మా వాడ మనిషి ఒకాయన పనిచేసేవాడు. "గివి పిచ్చోళ్ల గోలీలు గదా, ఎవలకు?" అని మా ఆయన్ను అడిగాడు. పొద్దు గుంకే సరికి ఆ మాట మా ఇంటికి మాకన్నా ముందు చేరింది. ఇక కౌసల్య లెక్క కట్టింది. ఆ లెక్క వాడంతా ఒప్పుకుంది.

"నిండు పిచ్చోళ్లకు నిండు గోలి ఇత్తరు. దీనికి అరగోలి రాసిండ్రంటే అర పిచ్చి అన్నట్టే గదా. ముదిరితే అప్పుడు నిండు గోలి ఇత్తరు."

నవ్వుతారేమో, ఆ రోజు ఎవరూ నవ్వలేదు. జ్వరానికి మందు ఎంత ఇస్తే జ్వరం అంత ఉన్నట్టే కదా అని పెద్దమనుషులే తలలాడించారు. నా పేరు పద్మ అన్నది మాయమైపోయింది. నల్లా దగ్గర "అరగోలీ, బిందె జరుపు" అనేవాళ్లు. నేను జరిపేదాన్ని. ఎడమ చేత్తో.

మందు పని మొదలుపెట్టక ముందే కౌసల్య గూట్లోంచి గోలీల పొట్లం తీసి అందరి ముందూ మోరీలో పోసింది. "పిచ్చి మందు తింటే ఉన్న మతి గూడ పోతది. ఇంటి ఇజ్జత్ తీత్తాంది" అంది. మా ఆయన అక్కడే ఉన్నాడు, నేల చూపులు చూస్తూ. నేను అరిచిన అరుపుకు పక్కింటి మగ్గాలు కూడా ఆగాయి. అదే ఇంకో సాక్ష్యమైంది, చూశారా పిచ్చి అని.

మర్నాడు నేనొక్కదాన్నే రిక్షా ఎక్కాను. టాపు పైకెత్తించి, ముందు దుప్పటి కట్టించుకుని దొంగలా కూర్చున్నాను. కౌసల్య రోడ్డు మీదికి వచ్చి చప్పట్లు కొట్టి మరీ చెప్పింది. "జరుగుండ్రి, తొవ్వ ఇడువుండ్రి! అరగోలి పిచ్చి దవాఖానకు పోతాంది!" దుప్పటి వెనకాల కూర్చుని ఒక్కటే అనుకున్నాను. ఒకరోజు ఇదే రిక్షాలో నిన్ను ఎక్కిస్తాను కౌసల్యా, టాపు దించి.

డాక్టరమ్మ కోప్పడకుండా మళ్లీ రాసిచ్చింది. ఆ సాయంత్రం మా ఆయన దారం కోసే బ్లేడుతో గోలిని సమంగా కోసి, చెంబుతో నీళ్లిచ్చి, పొట్లం తన పెట్టెలో పెట్టి తాళం వేశాడు. "ఇగ ఎవ్వలు ముట్టరు" అన్నాడు. మంచిదే. కానీ ఒక్క అరగోలి కోసినంత మాత్రాన అన్నీ మాఫీ అయిపోతాయా? చాలా రోజులు ఆయనతో గోడకు చెప్పినట్టే మాట్లాడాను.

ఆ రోజు నుంచి గోలిని దాచుకుని మింగడం మానేశాను. దీపాలు పెట్టే వేళకు అన్నం తిని, గడప మీద నిలబడి, వాడంతా చూస్తుండగా వేసుకునేదాన్ని. మొదటి వారాలు నరకమే. నాలుక అట్టకట్టుకుపోయేది, పొద్దున తల బండలా ఉండేది, నొప్పి అట్లాగే ఉండేది. కౌసల్య పారేయడమే మంచిదయిందేమో అని కూడా అనుకున్నాను. తర్వాత ఒక పొద్దున లేచేసరికి ఎండ మంచం మీదికి వచ్చి ఉంది. నేను నిద్రపోయాను! మధ్యలో లేవకుండా, పక్క మార్చలేక ఏడవకుండా. మంచం మీద కూర్చుని చాలాసేపు నా చేతిని నేనే చూసుకున్నాను. నొప్పి ఉంది. కానీ పెద్ద గొంతు పోయి చిన్న గొంతు అయింది.

మెల్లగా గోడ మీద వేళ్లు ఒక ఇటుక పైకి, మరో ఇటుక పైకి పాకాయి. 1981 దసరాకు నా జడ నేనే వేసుకున్నాను. పంజా పట్టుకున్నాను. నన్ను చూడగానే రమ తనంతట తానే మగ్గం మీంచి లేచింది. "నాకు గీ ఇల్లొద్దక్కా. మా అక్క పోరుతోని వచ్చిన" అని చెవిలో చెప్పి, బస్సెక్కి వర్ధన్నపేటకు పోయింది. ఆ పిల్ల మీద నాకే కోపమూ లేదు.

కౌసల్య మాత్రం కుడి పీట మీంచి లేవలేదు. "అర పిచ్చిదానితోని రంగు పిలిపిత్తమా? ఎర్ర అనబోయి నల్ల అంటది, జంపఖానా ఖరాబైతది" అంది. ఇల్లు ఊరుకుంది. నేను ఎడమవైపు కూర్చున్నాను. రెండేళ్లకు పైగా ఆమె తప్పు రంగులు పిలిచింది, నేను అందుకున్నాను, బట్ట పాడైతే "అరగోలి చేసింది" అంది. నేను నోరు మూసుకుని నేశాను. నాకు ఓపిక నేర్పింది ఆ గోలీయే.

1984 వేసవిలో కౌసల్య పంజా చేతిలోంచి జారింది.

మెడ, రెక్క, మోచెయ్యి. ఆమె చెప్తుంటే నా తొవ్వే మళ్లీ ఎవరో నడుస్తున్నట్టుంది. కాపడాలయ్యాయి, ఆముదమయింది, చురకలయ్యాయి. కౌసల్య భర్త, మా బావ, దవాఖానకు తీసుకుపోయి ఎక్స్‌రే తీయించుకొచ్చాడు. నేను వాకిట్లో ఎదురుచూస్తున్నాను. ఫోటో అందుకున్నాను, ఎండకు ఎత్తాను.

"బొక్కలన్ని మంచిగనే ఉన్నయ్ గదక్కా!" అన్నాను. ఎంత హాయిగా అన్నానో చెప్పలేను.

ఇంకో నెల ఓర్చుకుంది. తర్వాత ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు నా దగ్గరికి వచ్చింది. కళ్లు పీక్కుపోయాయి.

"పద్మా" అంది. నాలుగేళ్ల తర్వాత ఆమె నోట నా పేరు. "నీ గోలి ఒక్కటియ్యరాదే. ఎవ్వలకు చెప్పకు."

"ఇంకొకళ్లకు ఇయ్యద్దన్నది డాక్టరమ్మ. పోదాం పా, నేనే తీస్కపోత."

"పొద్దుగుంకినంక పోదామా?"

"గా గది పొద్దుగాల్నే తెరుత్తరక్కా."

రిక్షా పిలిచాను. టాపు దించమన్నాను. "ఎండ కొడ్తది గదనే" అంది కౌసల్య. "ఎండ చేతికి మంచిది" అన్నాను. రిక్షావాడికి కూడా చెప్పాను, చెయ్యి నొస్తుంది, నిమ్మళంగా పోనియ్యమని. నిమ్మళంగానే పోయింది. అరుగుల మీద, కిటికీల దగ్గర, నల్లా దగ్గర అందరూ అడిగారు.

"ఏడికి పోతాన్రు ఇద్దరు?"

"పిచ్చి డాక్టరు కాడికి! అక్కకు!"

అడిగిన ప్రతి ఒక్కరికీ చెప్పాను. అడగని వాళ్లకు కూడా చెప్పాను. ఆమె కొంగు ముఖం మీదికి లాక్కుని నా భుజం వెనక్కి ఒదిగింది. నొప్పి భుజమే. ఒదగనిచ్చాను.

అదే వరండా, అదే బోర్డు, అదే బెంచీ. కౌసల్య బెంచీ అంచు మీద, అంటుకుంటుందన్నట్టు కూర్చుంది. లోపల డాక్టరమ్మ నన్ను గుర్తుపట్టి నవ్వింది. కౌసల్యను అన్నీ అడిగి, "నీ నొప్పి నిజమేనమ్మా" అంది. అప్పుడు కౌసల్య కుర్చీలోనే బావురుమంది. నేను కరిగిపోయానని రాస్తే మీకు బాగుంటుందేమో. నేను కరగలేదు. ఆమె చెయ్యి కింద పెట్టడానికి నా సంచి మాత్రం ఇచ్చాను. అది ఏటూరునాగారం అక్కకు నేను బాకీ ఉన్నది.

కౌసల్యకు డాక్టరమ్మ కొన్నాళ్లు సగం గోలి ఇచ్చి చూసింది. సరిపోలేదు. రెండోసారి పోయినప్పుడు పెంచింది. "ఇది కూడా చిన్న మోతాదేనమ్మా, కంగారుపడకు. మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది" అంది.

ఆ రోజు తిరిగి వస్తుంటే రిక్షాలో కౌసల్య నా చెయ్యి పట్టుకుంది. "పెంచిందని ఎవ్వలకు చెప్పకే. నీ కాళ్లు మొక్కుత. నా పరువు పోతది పద్మా."

"మగ్గం మీద కుడిదిక్కు ఎవలు కూసుంటరక్కా?" అని అడిగాను.

మా వాడ మలుపు కనబడింది. నల్లా దగ్గర ఆడవాళ్లంతా ఉన్నారు.

"నువ్వే" అంది.

"నేను కుడిదిక్కు ఉన్నన్ని దినాలు నా నోరు లేవదు. ఒట్టు" అన్నాను.

నల్లా దగ్గర రిక్షా ఆగగానే అడిగారు, డాక్టరమ్మ ఏమందని. "మునుపటి లెక్కనే, అరగోలి" అన్నాను. కౌసల్య ఊపిరి వదిలింది. మర్నాడు నేను కుడివైపు కూర్చుని ఎర్ర అన్నాను. ఆమె ఎర్ర దారం అందుకుంది.

రెండేళ్లు నా మాట మీద నేను నిలబడ్డాను. ఆమెకు నొప్పి తగ్గింది, నిద్ర వచ్చింది, ఒంట్లోకి రక్తం వచ్చింది. ఒంట్లోకి రక్తంతో పాటు పాత కౌసల్య కూడా వచ్చింది. మొన్న పొద్దున నేను మగ్గం దగ్గరికి పోయేసరికి ఆమె నా పీట మీద కూర్చుని ఉంది.

"పెద్ద కోడల్ని నేను. నీ కింద ఇంకెన్ని దినాలు ఉండాలె? ఎడమదిక్కు కూసో" అంది.

నేను గొడవ పెట్టుకోలేదు. లోపలికి వచ్చి ఈ కాగితాలు తీశాను.

ఇది చదివే వాళ్లకు ఒక మాట. గోలి సైజును బట్టి పిచ్చిని కొలవరు. నొప్పికి ఇచ్చే ఆ మందు సగం అయినా, నిండుగా అయినా, నొప్పికే. డాక్టరు ఎంత రాస్తే అంత వేసుకోండి, ఎవరి మాటా విని మానకండి, సిగ్గుపడకండి. ఆ పిచ్చి లెక్క మా యారాలు ఒక్కతే కట్టింది కాబట్టి అది ఆమె ఒక్కదానికే వర్తిస్తుంది.

వాకిట్లో నిలబడి చదువుతున్న వాళ్లు ఇక్కడ కొంచెం గొంతు పెంచండి. డాక్టరమ్మ రెండోసారి కౌసల్యకు రాసింది నిండు గోలి.